యూజ్‌డ్ టు ప్రాజెక్టు: మా బడి వరండాలో మూడు తీగలు

జులై 9

తొమ్మిదో తరగతి ఇంగ్లిష్ స్లిప్ టెస్టు పేపర్లు దిద్దాను. రోజూ ఏం చేస్తారో ఐదు వాక్యాల్లో రాయమన్న ప్రశ్న. 34 మందిలో 21 మంది ఒకే దారిన పోయారు: "ఐ యూజ్‌డ్ టు గెట్ అప్ ఎట్ ఫైవ్ ఓ క్లాక్." ఐదింటికి లేవడం నాకు అలవాటు అని చెప్పాలని వాళ్ళ ఉద్దేశం. ఆ ఇంగ్లిష్ వాక్యం చెప్పేది వేరే: ఒకప్పుడు ఐదింటికి లేచేదాన్ని, ఇప్పుడు లేవడం లేదు.

ఒకమ్మాయి "మై ఫాదర్ యూజ్‌డ్ టు వర్క్ ఇన్ ఎ బత్తాయి గార్డెన్" అని రాసింది. మీ నాయిన పని మానేసిండా అని అడిగితే, "లేదు మేడమ్, ఇయ్యాల పొద్దుగాల్నే పోయిండు" అంది. ఇంకో పేపర్లో "మై మదర్ యూజ్‌డ్ టు లవ్ మీ" అని ఉంది. ఆ పిల్లవాడి తల్లి రోజూ కూలికి పోతూ వాణ్ణి గేటు దాకా తెచ్చి దింపుతుంది. ఎర్ర పెన్ను పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను.

తప్పెవరిదో సాయంత్రం ఇంటికొచ్చాక తేలింది. పాత లెసన్ ప్లాన్ పుస్తకాలు తీస్తే 2011 నాటి నా చేతిరాత: "యూజ్‌డ్ టు = అలవాటు." కింద రెండు గీతలు కూడా కొట్టాను, మర్చిపోకుండా ఉండాలని. పిల్లలు మర్చిపోలేదు మరి.

జులై 11

ఆలోచన బస్సులో వచ్చింది. నల్లగొండ నుంచి చండూరు వైపు పొద్దున బస్సులో నా వెనక సీట్లో ఇద్దరు ముసలమ్మలు మాట్లాడుకుంటున్నారు. "అప్పట్ల గీ తొవ్వల దినానికి ఒక్క బస్సే వస్తుండె. అది పోతే నడుసుకుంట పోతుంటిమి."

వస్తుండె. పోతుంటిమి. ఇంతకన్నా సరైన యూజ్‌డ్ టు ఎక్కడ దొరుకుతుంది? పుస్తకం తెలుగులో వచ్చేది, వెళ్ళేవాళ్ళం అంటాం. ఒకప్పుడు మళ్ళీ మళ్ళీ జరిగింది, ఇప్పుడు జరగడం లేదు అన్న రెండు సంగతులూ ఆ క్రియ చివర్లోనే ఇమిడి ఉన్నాయి. పిల్లల ఇళ్ళల్లో అవ్వలు, తాతలు రోజూ మాట్లాడే ఈ రూపాన్ని వదిలేసి నేను పదిహేనేళ్ళుగా "అలవాటు" అనే పదాన్ని తెచ్చి అతికించాను.

ఎఫ్ఏకి (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, బడిలోనే మార్కులు వేసే పరీక్ష) ఎలాగూ ఒక ప్రాజెక్టు చేయించాలి. చెప్పిన పని ఇది: ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళ చిన్నతనం గురించి మూడు మాటలు అడిగి, వాళ్ళు అన్నది అన్నట్టు తెలుగులో రాసుకుని రావాలి. ఇంగ్లిష్ జోలికి ఇప్పుడే పోవద్దు. భాష దిద్దవద్దు. "పోతుంటిమి" అంటే "పోతుంటిమి" అనే రాయాలి.

జులై 15

88 వాక్యాలు వచ్చాయి. ఇద్దరి ఇళ్ళల్లో పెద్దవాళ్ళు లేరు. వాళ్ళు పక్కింటికి పోయి అడిగారు. కొన్ని ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను.

"జొన్న గట్క తింటుంటిమి. వరన్నం పండుగకే."
"ఈ సెల్కలన్నిట్ల ఆముదాలు ఏస్తుండ్రి. పత్తి లేకుండె."
"మీ తాత బొంబాయికి పోతుండె. మ్యాస్త్రి వచ్చి అడ్వాన్సు ఇచ్చి తోలుకపోతుండె."
"కందిలి ఎలుగుల సదువుకుంటుంటిమి."
"బాయి నీళ్ళే తాగుతుంటిమి. బోర్లొచ్చినంక బోరు నీళ్ళు."

నీళ్ళ గురించి అడగమని నేను చెప్పలేదు. అయినా 88లో 29 నీళ్ళ మీదే. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఊళ్ళు తెలిసినవాళ్ళకు ఇందులో వింతేమీ ఉండదు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. అంతకు మించిన నీళ్ళు తాగి పళ్ళు పచ్చబడి, కాళ్ళు వంకరపోయిన తరం ఇక్కడ ప్రతి వీధిలో ఉంది. నాగార్జునసాగర్ మా జిల్లాలోనే ఉన్నా, ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పారింది. ఈ మెట్ట ఊళ్ళు బోర్ల మీదే బతికాయి.

జులై 18

మొదటి అట్టలు కట్ చేశాం. అంగట్లో అడిగి తెచ్చిన బిస్కెట్ పెట్టెలను పట్టీలుగా కోసి, పైన తెల్ల కాగితం అంటించాం. ఒక వైపు అవ్వ మాట తెలుగులో, రెండో వైపు ఇంగ్లిష్‌లో.

సూత్రం చిన్నదే. తింటుంటిమి, పోతుండె, ఉండేది లాంటి మాట కనిపిస్తే యూజ్‌డ్ టు, దాని వెనక క్రియ మొదటి రూపం. "వి యూజ్‌డ్ టు ఈట్ జొన్న గట్క." "హి యూజ్‌డ్ టు గో టు బాంబే." "దేర్ యూజ్‌డ్ టు బి ఎ వెల్ హియర్." గట్కను ఇంగ్లిష్‌లో ఏమనాలని అరగంట వాదన జరిగింది. గట్కనే ఉంచాం.

ఊళ్ళ పేర్లతో కూడా రాయించాను. "నల్లగొండ యూజ్‌డ్ టు బి కాల్డ్ నీలగిరి." పాలమూరు చుట్టాలున్న కుర్రాడొకడు లేచి "మహబూబ్‌నగర్ యూజ్‌డ్ టు బి కాల్డ్ పాలమూరు" అన్నాడు. "ఇప్పుడు ఎవరూ పాలమూరు అనరా?" అని అడిగాను. "అందరూ గట్లనే అంటరు మేడమ్" అని వాడే కూర్చున్నాడు. మొదటిసారి ఒక పిల్లవాడు నేను దిద్దకుండా తన యూజ్‌డ్ టును తానే కొట్టేసుకున్నాడు.

జులై 22

సూత్రం చిల్లు పడ్డ కుండని ఇవాళ తేలింది.

పిల్లల్ని నవ్విద్దామని ఒక పాత సంగతి చెప్పాను. మూడు నాలుగు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లిష్‌లో ఈ మాటకు వర్తమాన కాలం కూడా ఉండేది. "హి యూజెస్ టు" అని రాస్తే ఆయనకు ఆ అలవాటు ఉందని అర్థం. తర్వాత అది వాడుకలోంచి పోయి, భూతకాలం ఒక్కటే మిగిలింది. చివరి బెంచి నుంచి ఒకడు, "అప్పుడు పుట్టుంటే మాకు మార్కులు వచ్చేటివి మేడమ్" అన్నాడు. క్లాసంతా నవ్వు. సరే, ఆ మాటనే ఇంగ్లిష్‌లో రాయమన్నాను. బోర్డు మీద రాశాడు: "ఇఫ్ వి వర్ బార్న్ దెన్, మార్క్స్ యూజ్‌డ్ టు కమ్."

నేను నేర్పిన సూత్రం ప్రకారం వాడు చేసింది కరెక్టే. వచ్చేటివి అన్న మాట ఉంది, యూజ్‌డ్ టు పెట్టాడు. కానీ ఆ మార్కులు ఏనాడూ రాలేదు. జరగని దానికి, "అయితే గియితే" అన్న మాటకు తెలుగు ఇదే రూపాన్ని వాడుకుంటుంది. ఇంగ్లిష్ అక్కడ వుడ్ హావ్ అంటుంది.

అట్టలు తిరగేస్తే ఇంకో చిల్లు కనిపించింది. "నేను పోయేసరికి అవ్వ బియ్యం చెరుగుతుండె" అన్నదాన్ని ఒకమ్మాయి "గ్రాండ్‌మదర్ యూజ్‌డ్ టు క్లీన్ రైస్" అని రాసింది. అది ఆ ఒక్క పూట సంగతి, వాజ్ క్లీనింగ్ అనాలి. మన చెరుగుతుండె అనే మాట రెండు పనులూ చేస్తుంది. పుస్తకం తెలుగులో చెరుగుతూ ఉండింది, చెరిగేది అని విడదీయవచ్చు. మా వైపు మాటలో రెండూ ఒకటే.

బస్సులో దొరికిన ఆనందం ఇంటికొచ్చేదాకా నిలవలేదు.

జులై 24

సూత్రాన్ని పారేయలేదు, మూడు ప్రశ్నలు తగిలించాను. అట్ట రాసే ముందు పక్కవాడు అడగాలి. ఒక్క పూట సంగతా, చాలా రోజుల సంగతా? నిజంగా జరిగిందా, "అయితే" కింద ఉందా? ఇప్పుడు ఆగిపోయిందా?

నాలుగోది పిల్లలే కనిపెట్టారు. "హి యూజ్‌డ్ టు వర్క్ ఇన్ బాంబే ఫర్ ట్వెల్వ్ ఇయర్స్" అన్న అట్ట వచ్చింది. తప్పని నాకు తెలుసు; ఎందుకు తప్పో చెప్పడం కష్టమనిపించింది. "దీన్ని తెలుగులో చదువు" అన్నాను. "తాత బొంబాయిలో పన్నెండేళ్ళు పనిచేసేవాడు." చదువుతుండగానే ముఖం చిట్లించాడు. పన్నెండేళ్ళు పనిచేసిండు అనాలి. అలాగే "రెండుసార్లు ఢిల్లీకి పోయేవాడు" అంటే తెలుగు చెవికి కూడా ఆనదు. ఇన్నేళ్ళు, ఇన్నిసార్లు అని లెక్క కట్టేస్తే ఇంగ్లిష్‌లో మామూలు భూతకాలం చాలు: వర్క్‌డ్, వెంట్. "ఏడాదికి రెండుసార్లు పోయేవాడు" అంటే మళ్ళీ యూజ్‌డ్ టు సరిపోతుంది, ఎందుకంటే ఆ లెక్క మొత్తానికి కాదు.

ఇదే దెబ్బకు సాగర్ అట్ట కూడా దిద్దుకున్నాం. 1955లో శంకుస్థాపన, 1967లో కాలువలకు నీళ్ళు. రెండూ ఒక్కొక్క రోజు జరిగిన పనులు. "ఇందిరాగాంధీ యూజ్‌డ్ టు రిలీజ్ వాటర్ ఇన్ 1967" అని రాసిన పిల్లను ఆమె ఎన్నిసార్లు వదిలింది అని అడిగితే చాలు, రబ్బరు తీసింది.

జులై 30

స్పెల్లింగు రోజు. 34 మందిలో 15 మంది చివర డి లేకుండా "యూజ్ టు" రాస్తున్నారు. తప్పు చెవిది. ఈ అర్థంలో ఆ మాటను పలికేటప్పుడు జకారం ఉండదు, సకారమే. చివరి డి కాస్తా టు లోని టకారంలో కలిసిపోతుంది. వినడానికి "యూస్టు" అంటే సరిపోతుంది. వినిపించని అక్షరాన్ని రాయడం ఎవరికైనా కష్టమే.

పది సార్లు ఇంపోజిషన్ రాయించడం నాకు ఇష్టం లేదు. డిక్టేషన్ ఇచ్చి, పక్కవాడి పేపర్లో డి ఎక్కడ పోయిందో వెతకమన్నాను. "దొంగ డి" అని పేరు పెట్టుకున్నారు.

ఆగస్టు 6

ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన రోజు ఇదే. కొంచెం వివరంగా రాసుకుంటాను.

నీళ్ళ అట్టలు వేరు చేస్తుంటే ఒకమ్మాయి వాళ్ళ నాయనమ్మ మాట చదివింది: "ఆ బోరు నీళ్ళకే అలవాటు పడ్డం బిడ్డా. గీ నల్లా నీళ్ళు సప్పగుంటయ్." ఆమె మోకాళ్ళు రెండూ వంగిపోయి ఉంటాయి. ఏ నీళ్ళు కాళ్ళు వంచాయో ఆ నీళ్ళ రుచే నాలుకకు పట్టింది.

"అలవాటు" అన్న మాట పిల్లల నోటి నుంచే వచ్చింది. నా 2011 నోట్సు పూర్తిగా అబద్ధం కాదని అప్పుడు అర్థమైంది. మాట సరైనదే, నేను దాన్ని తప్పు చోట నాటాను. అలవాటుకు ఇంగ్లిష్‌లో ముందర ఆమ్, ఆర్, వాజ్, వర్ లాంటి తోడు కావాలి: "వి వర్ యూజ్‌డ్ టు దట్ వాటర్." "వి ఆర్ నాట్ యూజ్‌డ్ టు దిస్ వాటర్." వెనక నామవాచకం రావచ్చు. క్రియ వస్తే మాత్రం దానికి ఇంగ్ తగలాలి: "వి ఆర్ యూజ్‌డ్ టు డ్రింకింగ్ టాప్ వాటర్." అలవాటు పడుతున్నాం అనాలంటే ఆర్ పక్కన గెటింగ్ చేర్చడమే: "వి ఆర్ గెటింగ్ యూజ్‌డ్ టు ఇట్." ఇక్కడ కాలంతో పేచీ లేదు. నిన్నటి అలవాటు, ఇవాళ్టి అలవాటు, రేపటిది, ఏదైనా చెప్పుకోవచ్చు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఇంకో కుర్రాడు వాళ్ళ తాత మాట పట్టుకొచ్చాడు: బకెట్లో పటిక, సున్నం వేసి కలిపి, తేరుకున్నాక పైనీళ్ళు ఒంపుకుని తాగుతుండ్రట. దాని పేరే నల్లగొండ టెక్నిక్. నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు తయారుచేసిన పద్ధతి ఇది. సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక నీళ్ళలో కలిపితే ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుక్కి దిగుతుంది. మా జిల్లా పేరు ప్రపంచంలో నీటి ఇంజినీర్ల పుస్తకాల్లో ఉందని చెబితే పిల్లలు నమ్మలేదు. గర్వపడాలో బాధపడాలో నాకూ తెలియదు.

కుర్రాడు రాసిన వాక్యం: "ఆలమ్ ఈజ్ యూజ్‌డ్ టు రిమూవింగ్ ఫ్లోరైడ్." పొద్దున్నే నేర్పిన ఇంగ్‌ను నమ్మకంగా తగిలించాడు. దాని అర్థం, ఫ్లోరైడ్ తీయడం పటికకు బాగా అలవాటైపోయింది అని! పటిక లేచి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డట్టు ఒకడు నటించి చూపించాడు. ఇక్కడ కావలసింది "ఆలమ్ ఈజ్ యూజ్‌డ్ టు రిమూవ్ ఫ్లోరైడ్." తీయడానికి వాడతారు అని. ఇది మూడో యూజ్‌డ్ టు. వాడడం అనే అసలు అర్థం ఉన్నది ఇందులోనే. ఇందులో జకారం గట్టిగా పలుకుతుంది, డి కూడా వినిపిస్తుంది.

బోర్డు మీద మూడూ ఒకదాని కింద ఒకటి రాశాను. బోరు నీళ్ళు తాగేవాళ్ళం. నల్లా నీళ్ళు తాగడానికి అలవాటు పడ్డాం. ఫ్లోరైడ్ తీయడానికి పటిక వాడతారు. తెలుగులో మూడు వేరు వేరు క్రియలు. ఎవరూ కలగాపులగం చేయరు. ఇంగ్లిష్‌లో మూడింటికీ అవే అక్షరాలు. పిల్లల తికమక అర్థమైంది. పదిహేనేళ్ళు ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూపించని నా సంగతే అర్థం కాలేదు.

ఆగస్టు 12

వరండా స్తంభాలకు మూడు బట్టల తీగలు కట్టాం. పై తీగ "చేసేవాళ్ళం", నడిమిది "అలవాటు", కిందిది "వాడతారు". అట్టలు క్లిప్పులతో వేలాడదీశాం. ఖర్చు: తీగ, క్లిప్పులు, మూడు తెల్ల చార్టులు కలిపి రెండు వందల లోపే.

ఆగస్టు 14

రాత్రి వాన జల్లు కొట్టి స్కెచ్ పెన్ను రంగంతా కారింది. మిగిలినవాటిలో పదకొండు అట్టలు కోతులు పీక్కుపోయాయి. బిస్కెట్ వాసన ఇంకా ఉందేమో. మళ్ళీ రాయాలి, ఈసారి పర్మనెంట్ మార్కర్‌తో. సాయంత్రం బడి వదిలేటప్పుడు అట్టలు తీసి బీరువాలో పెట్టే డ్యూటీ వేశాను.

మళ్ళీ రాయాల్సి రావడం మంచికే అయింది. తిరగ రాసేటప్పుడు తొమ్మిది తప్పులు వాళ్ళకే దొరికాయి.

ఆగస్టు 21

"లేకుండె", "తినకపోతుంటిమి" లాంటి వాక్యాలు ఇన్నాళ్ళూ పక్కన పెట్టాను. ఇవాళ తీశాం. డిడ్‌న్ట్ వచ్చిందంటే కాలం బరువు అది మోస్తుంది కాబట్టి డి పడిపోతుంది: "వి డిడ్‌న్ట్ యూజ్ టు గ్రో కాటన్." ప్రశ్నలోనూ అంతే: "డిడ్ యూ యూజ్ టు వాక్ టు స్కూల్?" మూడు వారాలు దొంగ డి కోసం వెతికించి, ఇప్పుడు తీసేయమంటే పిల్లలకు కోపం వచ్చింది. న్యాయమే. డి ఉంచేసి అచ్చేసిన వాక్యాలు కూడా అక్కడక్కడా కనిపిస్తాయి. పరీక్షలో మాత్రం తీసేయమన్నాను. భయమున్నవాళ్ళకు ఒక అడ్డదారి చెప్పాను: "వి నెవర్ యూజ్‌డ్ టు గ్రో కాటన్." నెవర్ పెడితే డి ఎక్కడికీ పోదు.

వుడ్ గురించి ఒక్క మాట చెప్పి వదిలేశాను. పనులకైతే యూజ్‌డ్ టు బదులు వుడ్ వాడొచ్చు, ఉండడం లాంటి స్థితికి కుదరదు. "దేర్ వుడ్ బి ఎ వెల్" అంటే బావి ఉండేదని కాకుండా ఉంటుందేమో అన్నట్టు ధ్వనిస్తుంది. తొమ్మిదో తరగతికి ఇంతకన్నా ఎక్కువ ఎందుకు?

ఆగస్టు 29

నలుగురు పెద్దవాళ్ళు బడికి వచ్చారు. పిల్లలు తెలుగు వైపు చదివి, అట్ట తిప్పి ఇంగ్లిష్ వైపు చదివారు. ఆముదాల తాత తన వాక్యం రెండుసార్లు చదివించుకున్నాడు. "గంత పెద్ద ముచ్చట చెప్తే గింతే రాసినవా?" అని మనవణ్ణి నిలదీశాడు. నిజమే, అరగంట చెప్పిన ముచ్చటను ఏడు మాటల్లో కుదించాడు వాడు.

మోకాళ్ళ నాయనమ్మ ఆటోలో వచ్చింది. మనవరాలు ఆమె గురించి కొత్తగా ఒక అట్ట రాసింది, "మై గ్రాండ్‌మదర్ యూజ్‌డ్ టు డాన్స్ బతుకమ్మ" అని. వ్యాకరణంలో ఏ లోపం లేదు. చదవాలా వద్దా అని నా వైపు చూసింది. నేనేమీ అనకముందే ముసలమ్మ "ఏంది, నా గురించేనా? సదువు" అంది. చదివింది. అర్థం చెప్పింది. "అవు, ఆడేదాన్ని. ఇప్పుడు కూసొని పాడ్త. అది గూడ రాయి" అంది. మనవరాలు అక్కడికక్కడే కింద రాసింది: "నౌ షి సిట్స్ అండ్ సింగ్స్."

సెప్టెంబర్ 5

జులైలో ఇచ్చిన ప్రశ్నే మళ్ళీ ఇచ్చాను, ముందు చెప్పకుండా. 34 మందిలో 5 తప్పులు. అందులో ఇద్దరు "ఐ యామ్ యూజ్‌డ్ టు గెట్ అప్ ఎట్ ఫైవ్" అని రాశారు. ఆమ్ వచ్చింది, ఇంగ్ రాలేదు. సగం దారిలో ఉన్నారు. మిగతావాళ్ళలో చాలామంది అసలు ఆ మాట జోలికే పోకుండా "ఐ గెట్ అప్ ఎట్ ఫైవ్", "ఐ యూజువల్లీ గెట్ అప్ ఎట్ ఫైవ్" అని రాసేశారు. ఆ ప్రశ్నకు కావలసిందీ అదే. తల్లి గురించి రాసిన పిల్లవాడు ఈసారి "మై మదర్ లవ్స్ మీ" అని రాసి, కింద ఇంకో వాక్యం కలిపాడు: "షి యూజ్‌డ్ టు క్యారీ మీ టు స్కూల్."

బతుకమ్మకు వరండా కావాలని హెచ్‌ఎం సారు చెప్పారు కాబట్టి తీగలు ఈ నెలలో విప్పాలి. అట్టలన్నీ చెప్పుల డబ్బాలో సర్దుతుంటే నడిమి తీగ మీద నేను దిద్దని కొత్త అట్ట ఒకటి కనిపించింది. పెన్సిల్‌తో, పేరు లేకుండా: "మంకీస్ ఆర్ యూజ్‌డ్ టు అస్." టిక్ పెట్టి డబ్బాలో వేశాను.